వ్యానుకి మందు చీటీ

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుచేత ఏ కాగితం వచ్చినా తెచ్చి నా చేతిలో పెడతారు. కరెంటు బిల్లు నుంచి మాత్రల అట్ట దాకా నేను చదివి చెప్పిందే మా వీధికి అర్థం. ఇంత నమ్మకం మోస్తున్న మనిషికి ప్రభుత్వం ఉద్యోగం కూడా ఇచ్చేసరికి, మాటల విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలని గట్టిగా అనుకున్నాను. ఆ జాగ్రత్త వల్లే మా జిల్లాలో పెట్రోలు బళ్ళన్నీ తాగుబోతులయ్యాయి.

ఉద్యోగం ఏటిగరువులో ఉన్న సమ్మిళిత ఇంధన మండలి జిల్లా కార్యాలయంలో. పెట్రోలులో ఇథనాలు ఎంత కలుపుతున్నారో, ఎందుకు కలుపుతున్నారో జనానికి తెలియజెప్పడం మండలి పని. నా హోదా జూనియర్ అసిస్టెంటు. తెలుగు మీడియంలో చదివానని సర్వీసు పుస్తకంలో ఉంది కాబట్టి అనువాదం అదనపు బాధ్యత.

చేరిన నాలుగో రోజున రాజధాని నుంచి ఇంగ్లీషులో ఒక సర్క్యులర్ వచ్చింది. ఇథనాలు కలిపిన పెట్రోలు వాడే వాహనాలన్నీ మండలిలో పేరు నమోదు చేయించుకోవాలి. అంతే విషయం. భోజనాల వేళలోపు తెలుగులో కావాలని సూపరింటెండెంటు సర్వలక్ష్మి గారు చెప్పారు.

ఆఫీసులో ఒక నిఘంటువు ఉంది. ఇథనాలు ఉండాల్సిన పేజీలు చెదలు తిన్నాయి. అయితే ఇథనాలంటే ఆల్కహాలేనని ఇంటర్లో చదువుకున్నాను, ఆల్కహాలున్న పేజీ జోలికి చెదలు పోలేదు. అక్కడ 'మద్యసారము' అని ఉంది. 'వాడు' అనే అర్థంలో సర్క్యులర్‌లో ఉన్న ఇంగ్లీషు మాటకి తినుట, తాగుట, సేవించుట అని మూడు అర్థాలిచ్చారు. వాహనం తినదు. తాగుట మర్యాదగా లేదు. సేవించుట ఖాయం చేశాను. 'మద్యసారము కలిపిన ఇంధనమును సేవించు వాహనముల నమోదు' అని విషయం రాసి, ఒకటికి రెండుసార్లు చదువుకుని, అచ్చు తప్పు ఒక్కటీ లేదని సంతోషించి సర్వలక్ష్మి గారికిచ్చాను.

ఆవిడ కాగితాన్ని దూరంగా పట్టుకుని చూశారు.

"ప్రభుదాసూ, 'విషయం' గడిలో నాలుగు మాటలే పట్టాలయ్యా. నీది గోడ దూకి పక్కగడిలోకి పోయింది."

ఎర్ర పెన్నుతో కొట్టివేతలు చేశారు. చివరికి మిగిలింది: 'మద్యము సేవించు వాహనముల నమోదు.'

"మేడమ్, సారం పోయిందండి," అన్నాను.

"ఆఫీసు ఉత్తరంలో సారం లేకపోతే ఎవరూ అడగరు. గడి దాటితే ఆడిట్‌ వాళ్ళు అడుగుతారు."

సంయుక్త సంచాలకులు నరసింహ దీక్షితులు గారు విషయం గడి మాత్రమే చదివి సంతకం చేశారు. విషయంలో మద్యం అనే మాట ఉన్న ప్రతి ఉత్తరానికీ నకలు పానీయ నియంత్రణ శాఖకి పంపాలని డిస్పాచ్ గోడ మీద ఒక పాత కాగితం అంటించి ఉంది. డిస్పాచ్ వాళ్ళు గోడని గౌరవించే మనుషులు. పంపించారు.

ఆ సాయంత్రం అక్కావాళ్ళింటికి వెళ్ళాను. మా బావ ఏసురత్నానికి పంతొమ్మిదేళ్ళ నాటి పెట్రోలు వ్యాను ఉంది. మా ఏటవతలి ఊళ్ళ నుంచి కిడ్నీలు పాడైన ఐదుగురిని వారంలో మూడు రోజులు, మంగళ, గురు, శనివారాలు, ఏటిగరువు ఆసుపత్రికి డయాలసిస్‌కి తీసుకెళ్ళి తీసుకొస్తాడు. తెల్లారి ఆరింటికి మిషను దగ్గరుండాలి. మా వైపు మొదటి బస్సు తొమ్మిదిన్నరకి.

బావ వ్యాను కిందనుంచే పలకరించాడు.

"ఏం బామ్మర్దీ, ఏం కలిపారు ఇయ్యాల?"

నేను మా మండలి కరపత్రం అప్పజెప్పాను. చెరకు రైతుకి గిట్టుబాటు, పాడైన ధాన్యానికీ నూకలకీ గిరాకీ, బయటి దేశాల చమురు కొనే బాధ తగ్గడం, పొగ తగ్గడం.

"పొగ తగ్గిన మాట నిజమే. అబద్ధం ఎందుకు," అంటూ బావ బయటికొచ్చి ఒక నల్లటి గొట్టం ముక్క నా అరచేతిలో పెట్టాడు. అది ఉడికిన వంకాయలా ఉంది. "ఇదిగో, రబ్బరు ఇలాగైపోయింది. కొత్త బళ్ళకి ఫరవాలేదంట, దానికి తగ్గ గొట్టాలేసి పంపుతున్నారంట. నాది పాతదాయె. లీటరుకి పదిహేను కిలోమీటర్లు పోయేది పదమూడు పోతంది. వానాకాలమైతే ట్యాంకులో తేమ పట్టి అడుగున నీళ్ళు కూచుంటన్నాయి. ఇంకోటి. మీ అక్క కోళ్ళకి నూకలు కొనబోతే, ఫ్యాక్టరీ వోళ్ళు ఎత్తుకుపోయారన్నాడు కొట్టోడు. కోడి నూకలు కారుకి పోస్తే కారు గుడ్డు పెట్టుద్దా?"

"అది మా శాఖ పరిధిలోకి రాదు బావా."

"గుడ్డా, కోడా?"

నేను గొట్టం ముక్క జేబులో వేసుకుని వచ్చేశాను. ఫైలులో పెడదామనుకున్నాను.

మూడో రోజున పానీయ నియంత్రణ శాఖ ఇన్‌స్పెక్టరు వీరభద్రం గారు మా ఆఫీసులో దీక్షితులు గారి గదికి వచ్చారు. ఆయన చేతిలో మా ఉత్తరం నకలు ఉంది, చంకలో వాళ్ళ నిబంధనల పుస్తకం ఉంది.

"మద్యం సేవించేవాళ్ళ పేర్లు మీరు నమోదు చేస్తున్నారట. ఆ పని మాదండి," అన్నారు కూర్చోకముందే.

నేను లేచి నిలబడ్డాను. "సార్, అది మద్యం కాదండి. మద్యసారం."

"సారమంటే ఇంకా గట్టిది కదా," అన్నారు వీరభద్రం గారు.

దీక్షితులు గారు ఉత్తరాన్ని అటూ ఇటూ తిప్పి సంతకం చూసుకున్నారు. అది ఆయనదే.

"ఇన్‌స్పెక్టరు గారూ, మా సంతకంపై వెలువడిన ఉత్తరంలో పొరపాటు ఉండుటకు ఆస్కారం లేదు. ఉన్నది విధానం. కావున రెండు శాఖలూ సమన్వయంతో ముందుకు సాగవలసి ఉన్నది."

వీరభద్రం గారు పుస్తకం తెరిచారు. ఆయన చెడ్డమనిషి కాదు. పుస్తకంలో ఉన్నది చదివే మనిషి. "ఒకటో క్లాజు. సేవించు వ్యక్తికి ఇరవై ఒక్క సంవత్సరములు నిండవలెను."

"అక్కడ వ్యక్తి అని ఉంది కదండీ," అన్నాను.

"మీ ఉత్తరంలో సేవించేది ఎవరు?"

"వాహనమండి."

"అయితే వ్యక్తి అన్నచోటల్లా వాహనం అని చదువుకోవాలి."

"వయోనిర్ధారణకు రిజిస్ట్రేషను పత్రము సరిపోవును," అన్నారు దీక్షితులు గారు ఉత్సాహంగా. ఆయన గదిలో రెండేళ్ళుగా ఎవరూ విధానం మాట్లాడలేదు.

తరువాతి క్లాజులు గబగబా సాగాయి. గుడికీ బడికీ వంద మీటర్లలోపు సేవించరాదు. కాబట్టి హైస్కూలు పక్క బంకు మూత. బహిరంగ ప్రదేశంలో సేవించరాదు. కాబట్టి మిగతా బంకులన్నిటికీ పరదాలు. సేవించుట హానికరమన్న హెచ్చరిక సేవించేవారికి కనబడేలా ఉండాలి. కాబట్టి ప్రతి బండికీ ట్యాంకు మూత మీద స్టిక్కరు. గాంధీ జయంతి వంటి దినాల్లో అమ్మకం నిషేధం. కాబట్టి ఆ రోజు బంకులకి సీలు.

నాకొక సందేహం వచ్చింది. సందేహం వస్తే అడగాలని శిక్షణలో చెప్పారు.

"సార్, పదిహేనేళ్ళు దాటిన బండి వచ్చే ఉగాదికల్లా తుక్కు కింద పోవాలని మన మండలిదే ఇంకో సర్క్యులరుందండి. ఇరవై ఒకటి నిండేలోపే అది పోతుంది కదండీ. ఇంకెప్పుడు తాగుతుంది?"

దీక్షితులు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆ సర్క్యులరు ఐదవ నంబరు ఫైలు. ఇది ఏడవ నంబరు ఫైలు. ఒక ఫైలులో మరణించిన వాహనం మరొక ఫైలులో మైనరుగా కొనసాగుటకు ఎట్టి అభ్యంతరమూ కనబడుట లేదు."

రెండు వారాల్లో అన్నీ అమల్లోకి వచ్చాయి. బంకుల చుట్టూ ఆకుపచ్చ పరదాలు వెలిశాయి. కారు లోపలికి వెళ్ళి, కాసేపాగి, అటూ ఇటూ చూసుకుంటూ బయటికొచ్చేది. ఇరవై రెండేళ్ళ స్కూటరున్న ఒక పాత పోస్టుమాస్టరు గారింటికి బేరాలాడేవాళ్ళు పళ్ళబుట్టలతో వెళ్ళారు. డీజిలులో ఇథనాలు కలపరు కాబట్టి లారీలకీ బస్సులకీ ఏ బాధా లేదు. ఊరు ఊరంతా నల్లబడేలా పొగ వదులుతూ పోయే ఇసుక లారీని చూపించి, "చూశావా, చుక్క ముట్టదు," అని పెద్దవాళ్ళు పిల్లలకి బుద్ధి చెప్పసాగారు.

గాంధీ జయంతికి రెండు రోజుల ముందు, మంగళవారం, వంతెన దగ్గర తనిఖీ పెట్టారు. మండలి తరఫున ఫారాలు నింపడానికి నన్ను పంపారు. మధ్యాహ్నం పన్నెండింటికి మా బావ వ్యాను వచ్చింది. డయాలసిస్ చేయించుకుని తిరిగొస్తున్న ఐదుగురూ లోపల ఉన్నారు. కిటికీ పక్కన అచ్చియ్యమ్మ గారు. ఆవిడ ముప్పై ఏళ్ళు మా రేవులో టీ కొట్టు నడిపిన మనిషి. లోకం మొత్తానికి టీ పోసిన ఆవిడకి ఇప్పుడు రోజుకి అరలీటరు నీళ్ళు దాటకూడదని డాక్టరు గారి ఆజ్ఞ. దాటితే ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. అందుకని అరలీటరు సీసా ఒకటి చీర చెంగులో చుట్టుకుని, దాహం వేసినప్పుడు మూతతో కొలిచి తాగుతారు.

వీరభద్రం గారు ఊపిరి పరీక్షించే యంత్రం బావ నోటి దగ్గర పెట్టారు. "ఊదు."

బావ ఊదాడు. సున్నా వచ్చింది.

"నాకు మందలవాటు లేదండి. ఆయ్."

"నిన్నెవరడిగారు. బండిని చూడాలి." ఆయన వెనక్కి వెళ్ళి పొగగొట్టం దగ్గర యంత్రం పెట్టారు. ఏమీ తేలలేదు. కాసేపు ఆలోచించి, ట్యాంకు మూత తీయించారు. "నోరు ఇటుంది," అన్నారు. యంత్రం కూత మొదలుపెట్టింది. మూత పెట్టేసినా ఆగలేదు.

"ఫుల్లుగా తాగి ఉంది."

"ఫుల్లేం కాదండి. అరట్యాంకే," అన్నాడు బావ.

"వయసు?"

"పంతొమ్మిది."

నేను ఫారం నింపాను. తండ్రి పేరు గడిలో కంపెనీ పేరు రాశాను. తాగడానికి వయసు చాలదు, బతకడానికి వయసు మించింది. ఫారంలో ఆ రెండిటికీ వేరువేరు గడులున్నాయి. రెండిట్లోనూ టిక్కు పెట్టాల్సి వచ్చింది.

"తాగనోణ్ణి నేను నడుపుతున్నాను కదండీ," అన్నాడు బావ. "తాగినోణ్ణి ఇంటికి తీసుకెళ్ళినట్టే కదా. తప్పేముంది?"

"తాగినవాడి మీద ఐదుగురు కూర్చుని వెళ్ళకూడదు," అన్నారు వీరభద్రం గారు. ఈ క్లాజు పుస్తకంలో లేదు. కానీ ఆయన అన్నాక ఎవరికీ కాదనబుద్ధి కాలేదు.

అచ్చియ్యమ్మ గారు తల బయటికి పెట్టారు. "బాబూ, బండి తాగితే బండికి రెండు తగిలించండి. నన్నెందుకు ఎండలో దింపుతారు?" అని, మూతలో నీళ్ళు పోసుకుని పెదాలు తడుపుకుని, మూత బిగించేశారు.

వ్యానుని పానీయ నియంత్రణ శాఖ ఆవరణలో పెట్టించారు. బావ ఎవరినో బతిమాలి ట్రాక్టరు తెచ్చి ఐదుగురినీ తొట్టిలో ఇళ్ళకి చేర్చాడు. ఆ కుదుపులకి అచ్చియ్యమ్మ గారి చేతికి సూదులు గుచ్చిన చోట కట్టు ఎర్రగా తడిసిపోయింది. ఇంకోసారి ట్రాక్టరెక్కితే తను పూచీ కాదని ఆసుపత్రి నర్సు ఫోనులో చెప్పింది. కారూ ఆటో ఉన్నవాళ్ళు బయటికి తీయడానికి జంకారు. అంబులెన్సు వాళ్ళనడిగితే, ప్రాణం మీదికొస్తేనే వస్తామన్నారు. అచ్చియ్యమ్మ గారికి గురువారం దాకా టైముంది.

ఆ సాయంత్రం బావ అరుగు మీద కూచుని నన్ను చూడకుండా అడిగాడు.

"ఆ కాయితం నువ్వే రాసేవంటగా."

"అవును బావా."

"బాగా చదువుకున్నావు," అన్నాడు. వేళాకోళమాడే మనిషి, మామూలుగానే అన్నాడు. అదే ఇబ్బందిగా ఉంది. అక్క పొయ్యి దగ్గర్నుంచి తొంగి చూసి మళ్ళీ లోపలికి వెళ్ళింది. అచ్చియ్యమ్మ గారి కొడుకు ఆసుపత్రి కాగితం ఒకటి తెచ్చి, నా పక్కనుంచి వెళ్ళి, మందుల షాపు కుర్రాడి చేత చదివించుకోవడానికి పోయాడు.

బుధవారం ఉదయం ఆఫీసు తీయగానే దీక్షితులు గారి ముందు ఒక కాగితం పెట్టాను. ఇథనాలుకి మద్యసారమని నేను రాయడం వల్ల, ఆ మద్యసారంలో సారం గడి పట్టక పోవడం వల్ల ఇదంతా జరిగిందని, తప్పు నాదేనని, మాట సవరించి బళ్ళని వదిలేయమని రాశాను. నా ప్రొబేషను ఇంకా ఏడాదిన్నర ఉందని నాకు తెలుసు. ఆయనకీ తెలుసు.

ఆయన పూర్తిగా చదివారు. విషయం గడి దాటి చదవడం నేను చూసింది అదే మొదటిసారి.

"నీ నిజాయితీ శ్లాఘనీయం. కానీ తప్పు ఒప్పుకొను అధికారం జూనియర్ అసిస్టెంటు స్థాయికి దఖలు పరచబడలేదు. అది అదనపు సంచాలకులు, ఆపై వారికి మాత్రమే ఉన్నది."

"వారు ఒప్పుకుంటారాండి?"

"ఇంతవరకు ఆ అధికారం ఎవరూ వినియోగించిన దాఖలా లేదు." కాగితం తిరిగి నా చేతికిచ్చారు. "నిబంధనల్లోనే దారి ఉంటుందయ్యా. బయట ఉండదు. పోయి చదువుకో."

ఆయన ఊరికే అన్నారో, కావాలని అన్నారో ఇప్పటికీ తెలియదు. చదువుకోమంటే చదువుకోవడమొక్కటే నాకు బాగా వచ్చు. పానీయ నియంత్రణ శాఖ పుస్తకం ముప్పై ఒక్క క్లాజులూ వ్యక్తి అన్నచోటల్లా వాహనం అని పెట్టుకుని చదివాను. ఇరవై మూడో క్లాజు దగ్గర ఆగిపోయాను.

'మద్యమునకు బానిసయై, ఆకస్మికముగా ఆపినచో ప్రాణాపాయము కలుగునని ప్రభుత్వ వైద్యులు చీటీ ఇచ్చిన వాహనమునకు వయసు, ప్రదేశము, నిషేధ దినములతో నిమిత్తము లేక వైద్యులు సూచించిన మోతాదులో మద్యము సరఫరా చేయవలెను.'

ఎవరి ప్రాణానికి అపాయమో క్లాజులో రాయలేదు. గడి పట్టలేదు కాబోలు.

వీరభద్రం గారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన క్లాజు మీద వేలు పెట్టి చదివారు. మళ్ళీ చదివారు. "రోగిని ఆసుపత్రికి తీసుకెళ్ళకుండా ఆపే అధికారం నాకు లేదు," అన్నారు. బావని పిలిపించి, తాళంచెవి చేతికిచ్చి, తాగిన బండి దారిలో ఏం చేస్తుందోనని ముందు సీట్లో తనే కూర్చున్నారు.

ఓ.పి. కౌంటరులో గుమాస్తా తలెత్తకుండా అడిగాడు. "పేరు?"

"వ్యాను."

"వయసు?"

"పంతొమ్మిది."

"ఆడా, మగా?"

బావ ఒక్క క్షణం ఆలోచించాడు. "ఆడేనండి. ఇంట్లోవాళ్ళందర్నీ మోసేది అదే కదా."

డయాలసిస్ విభాగం చూసే డాక్టరు హైమవతి గారే ఆ రోజు ఓ.పి.లో కూడా కూర్చున్నారు. నేను క్లాజు చూపించి, సంగతంతా చెప్పాను. రేపు వ్యాను రాకపోతే తన ఐదు మంచాలు ఖాళీగా ఉంటాయని ఆవిడకి అర్థమైంది. నవ్వలేదు. స్టెతస్కోపు మెళ్ళో వేసుకుని మెట్లు దిగి వ్యాను దగ్గరికి వచ్చారు. వీరభద్రం గారు పక్కన నిలబడి చూస్తున్నారు కాబట్టి పద్ధతి ప్రకారం అన్నీ అడిగారు.

"పొద్దున్న లేవగానే కావాలా?"

"కావాలండి. పడకపోతే కదలదు," అన్నాడు బావ.

"ఆపితే వణుకుతుందా?"

"ఆగిపోయే ముందు స్టీరింగుతో సహా వణుకుద్దండి."

"ఇదివరకటికన్నా ఎక్కువ పుచ్చుకుంటోందా?"

"ఆయ్. ఇదివరకు ఒక లీటరుతో పదిహేను కిలోమీటర్లు పోయేది. ఇప్పుడు పదమూడుకే మళ్ళీ అడుగుతోంది."

"లోపల అవయవాలేమైనా దెబ్బతిన్నాయా?"

నేను జేబులోంచి రబ్బరు గొట్టం ముక్క తీసి ఇచ్చాను. డాక్టరు గారు దాన్ని వేళ్ళ మధ్య నొక్కి చూసి, వీరభద్రం గారికి కూడా చూపించారు. ఆయన నెమ్మదిగా తలాడించారు. ఉద్యోగంలో ఆయన చూసినవాళ్ళలో చాలామంది ఇలాగే ఉన్నారని ఆయన ముఖం చెప్పింది.

"పొట్టలో నీరు చేరుతోందా?"

"వానాకాలం చేరుద్దండి. అడుగున బోల్టు విప్పి వంపేస్తాను."

"దీనివల్ల మంచేమైనా కనబడిందా?"

బావ నా వైపు చూశాడు. "పొగ మానేసిందండి. అదొక్కటీ చెప్పుకోవాలి."

డాక్టరు గారు బానెట్టు మీద కాగితం పెట్టుకుని రాశారు. 'దీర్ఘకాలిక మద్యసార వ్యసనం. అకస్మాత్తుగా ఆపితే ఐదు ప్రాణాలకి అపాయం. రోజుకి ముప్పై లీటర్లు, ఉదయం పరగడుపున. ఆపై నెలకొకసారి చూపించాలి.' ముద్ర వేసి ఇస్తూ నాతో అన్నారు. "ఆ మాట మొదట రాసింది మీరేనా?"

"అవునండి."

"ఇథనాల్ అని తెలుగు అక్షరాల్లో రాస్తే సరిపోయేది కదా."

ఎవరికైనా తోచే మాటే. మా ఆఫీసులో నాకు తోచలేదు.

గురువారం గాంధీ జయంతి. తెల్లారి ఐదింటికి బంకు ముందు వీరభద్రం గారు సీలు కట్టిన తాడు పట్టుకుని నిలబడి ఉన్నారు. చీటీ రెండు వైపులా చూసి, తాడు విప్పి, పరదా తొలగించారు. బంకు కుర్రాడు ముప్పై లీటర్లు పోసేంతసేపూ ఆయన మీటరు మీద నుంచి కళ్ళు తిప్పలేదు. ముప్పై దగ్గర "చాలు" అన్నారు. ఒక చుక్క గొట్టం చివర వేలాడింది. దాన్ని కూడా లోపలికి పడనిచ్చి, మూత తనే బిగించారు. ఆ రోజు జిల్లా మొత్తం మీద మద్యం ముట్టిన ఏకైక బండి మా బావది.

నేను కూడా ఎక్కాను. దారిలో ఐదుగురినీ ఎక్కించుకున్నాం. ఐదూ యాభైకి ఆసుపత్రి గేటు దగ్గరికి వచ్చేసరికి, అప్పటికే ఎనిమిది కార్లు, మూడు ఆటోలు ఓ.పి. కిటికీకి ఎదురుగా వరసలో నిలబడి ఉన్నాయి. సంగతి ఊళ్ళో పాకిందన్నమాట. వరసలో అన్నిటికన్నా ముందున్నది మా దీక్షితులు గారి సొంత కారు. ఆయన కిటికీ అద్దం దించి, నన్ను చూసి, మళ్ళీ ఎక్కించేశారు.

డయాలసిస్ గదిలో ముందు బరువు చూస్తారు. ఒంట్లో ఎంత నీరు చేరిందో బరువు చెబుతుంది. అచ్చియ్యమ్మ గారు కాటా ఎక్కారు. హైమవతి గారు ముల్లు చూసి ముఖం చిట్లించారు.

"రెండు రోజుల్లో మూడు కిలోలా? ఎన్ని నీళ్ళు తాగారు? అరలీటరు దాటొద్దన్నానా లేదా?"

"బండి రాదేమోనని గాభరా పడ్డానమ్మా. నాలుగు మూతలెక్కువ తాగేశాను."

"నాలుగు మూతలతో మూడు కిలోలు పెరగరు. ఇలాగైతే నేను ఊరుకోను, అచ్చియ్యమ్మ గారూ."

ఆవిడ కాటా దిగారు. గుమ్మంలో నిలబడ్డ మా బావ చొక్కా జేబులోంచి వ్యాను చీటీ లాగి, నా చేతికిచ్చారు. "చదువు నాయినా," అన్నారు. మంగళవారం తరువాత మా వాళ్ళ నుంచి నా చేతికొచ్చిన మొదటి కాగితం అది. రోజుకి ముప్పై లీటర్లు, ఉదయం పరగడుపున, అని పైకి చదివాను.

అచ్చియ్యమ్మ గారు మంచమెక్కి, సూది కోసం చెయ్యి చాపారు.

"ఈసారి నా చీటీ మీద కూడా వ్యాను అని రాయండమ్మా."